రాజుగారి ఇనపరాయి, కమ్మరి పప్పుచెక్క

ఒకానొక రాజ్యంలో దండివర్మ అనే రాజు ఉండేవాడు. తనకు తెలియనిది లోకంలోనే లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి రోజూ పొద్దున్నే సాంబ్రాణి పొగ వేసేవాడు ఆస్థాన పండితుడు సోమనాథశాస్త్రి.

ఒకనాడు పట్టపగలు ఉరుములాంటి చప్పుడుతో ఆకాశం నుంచి ఒక రాయి వచ్చి కోట పెరట్లో పడింది. చూస్తే సగం ఇనుము. ఆ ఇనుము నిండా తేనెరంగు, లేతాకుపచ్చ పలుకులు పొదిగినట్టు మెరుస్తున్నాయి.

"ఇంద్రుడు తమకు పంపిన కానుక ప్రభూ! పలుకులు కిరీటానికి, ఇనుము కత్తికి," అన్నాడు శాస్త్రి.

రాజు కమ్మరి గురవాచారిని పిలిపించాడు. "మూడు రోజుల్లో పలుకులన్నీ వేరు చెయ్యి. ఒక్కటి చిట్లకూడదు, ఇనుము పిసరంత తగ్గకూడదు. చేతకాకపోతే కొలిమి ఆర్పుకుని రాజ్యం దాటిపో!"

గురవాచారి కొలిమికి వెళ్ళాడు. తాతలనాటి కొలిమి అది. రాలిపడ్డ ముక్కనొకదాన్ని కాల్చి చూశాడు. ఇనుము మెత్తబడేలోపే పలుకు చిట్లింది. ఇంకోదాన్ని సమ్మెటతో కొడితే పలుకు పిండయింది. రెండూ కలిసి గట్టిపడ్డవి, విడదీసే విద్య ఎవరికీ లేదు. ఆ మాట సూటిగా చెబితే వినే రాజు కాదాయె!

ఇంటికెళ్ళి భార్యతో, "వేరుశనగపప్పు వేసి పప్పుచెక్క చెయ్యవే. పాకం మాత్రం ముదరనివ్వకు, జిగటగా అంటుకోవాలి," అన్నాడు.

"కొలిమి పోతుంటే నీకు తిండిగోలా?" అని తిడుతూనే చేసిందావిడ.

మూడోనాడు ఆ పళ్ళెం సభలో పెట్టాడు. "దేవరా, ఇందులోంచి పప్పులు చితక్కుండా, పాకం తగ్గకుండా వేరుచేసే ఉపాయం శాస్త్రిగారు చూపిస్తే, అదే ఉపాయంతో రాయి పని చేస్తాను."

"ఇదీ ఒక విద్యేనా?" అని శాస్త్రి గిల్లాడు. వేళ్ళు అంటుకున్నాయి. పళ్ళతో లాగాడు. గడ్డం అంటుకుంది.

"మీవల్ల కాదు, నేను చూస్తా!" అని రాజు రెండో కొస కొరికి లాగాడు. అంతే, రాజుగారి మీసం శాస్త్రి గడ్డానికి అతుక్కుపోయింది. సభలో వాళ్ళంతా నవ్వాపుకోలేక ఉత్తరీయాలు నోట్లో కుక్కుకున్నారు.

"ఒరే కమ్మరీ, విడదియ్యరా!" అని అరిచాడు రాజు.

"చిత్తం. ఎటు కోయమంటారు? మీసం వైపా, గడ్డం వైపా?"

"నా మీసం ఒక్క వెంట్రుక తెగకూడదు!"

"నా గడ్డమూనూ!" అన్నాడు శాస్త్రి.

"బెల్లంపాకం వేన్నీళ్ళకు కరుగుతుంది దేవరా. ఇంద్రుడు పట్టిన పాకం కరిగించే నీళ్ళు మాత్రం నా దగ్గర లేవు. ఆ రాయిని పలచగా కోసి, సానపట్టి, ఎండకు ఎదురుగా పెట్టమంటే చెప్పండి. పలుకుల్లోంచి వెలుగు దూరి సభంతా పచ్చగా మెరుస్తుంది."

రాజుకు కోపం రాబోయింది. కానీ ఎదురుగా, బెత్తెడు దూరంలో, బెల్లం పూసుకున్న శాస్త్రి మొహం. పగలబడి నవ్వాడు. ఆయన నవ్వి ఊగినప్పుడల్లా శాస్త్రి "అమ్మో, నా గడ్డం!" అని మొత్తుకున్నాడు.

"అలాగే కోయరా! కొలిమి నీదే, ఇవాళ్టి నుంచి ఆస్థాన కమ్మరివి కూడా," అన్నాడు రాజు. "ముందు ఆ వేన్నీళ్ళు తెప్పించు. ఈ శాస్త్రి పొద్దున ఉల్లిపాయ తిన్నాడు!"