కొమ్ములు రాలిన దుప్పి అప్పీలు

అనగనగా, ఒక ఏటికి అవతల ఒక అడవి. ఆ అడవిలో పులులూ ఉండేవి, పూలూ ఉండేవి. అవి అన్ని అడవుల్లోనూ ఉంటాయి. అక్కడ మాత్రమే ఉన్నది ఒక మంచి చట్టం. "ఈ పని ఎవరు చేశారు? ఎందుకు చేశారు?" అని ఎవరు అడిగినా, చీమ అడిగినా సరే, అడవి పెద్దలు జవాబు చెప్పి తీరాలి.

అడగడానికి ఒక పద్ధతి ఉండేది. మద్దిచెట్టు తొర్రలో కచేరీ. అందులో పుల్లయ్య అనే ముళ్ళపంది గుమాస్తా. ఎవరైనా అర్జీ పెట్టుకోవడానికి వస్తే, పుల్లయ్య తన వీపు మీది ముల్లొకటి పీకి, నేరేడు రసంలో ముంచి, టేకు ఆకు మీద రాసేవాడు. అడిగినవాళ్ళ గుర్తు కూడా అందులోనే రాసేవాడు.

పుల్లయ్య జవాబు నచ్చకపోతే ముప్పై రోజుల్లో ఏటి ఒడ్డుకు వెళ్ళాలి. అక్కడ కూర్మమ్మ అనే ముసలి తాబేలు ఉండేది. ఆవిడ మొదటినుంచీ మళ్ళీ విచారించేది. పుల్లయ్యది తప్పయితే తప్పనేది. దాన్ని అప్పీలు అంటారు. పేరు కొత్తగా ఉన్నా భయపడకండి, పని సులువే.

ఆ అడవిలో సింగన్న అనే మగ దుప్పి ఉండేవాడు. మంచివాడే. కానీ వాడికి తన కొమ్ములంటే మహా మురిపెం. వాటికి ఎప్పుడూ పచ్చని తీగలు చుట్టుకుని తిరిగేవాడు. నీళ్ళు తాగడానికి వెళ్తే, తాగేది కాస్త, నీళ్ళలో కొమ్ములు చూసుకునేది బోలెడు.

ఒకరోజు పొద్దున్నే దుప్పుల మంద ఉప్పుమిట్టకు వెళ్ళింది. దుప్పులకు గడ్డి ఒక్కటే చాలదు. ఉప్పుమట్టి నాకితేనే తల్లులకు పాలు, పిల్లలకు ఎముకల్లో బలం. తీరా వెళ్తే మిట్ట చుట్టూ ముళ్ళకంచె! కంచె మీద ఒక ఆకు వేలాడుతోంది. "లోపలికి రాకూడదు. పెద్దల ఆజ్ఞ." ఎందుకో రాయలేదు.

ఇక ఉప్పు కావాలంటే లోయలోకి పోవాలి. లోయలో దుమ్ములగొండి కాపు కాసి ఉంటుంది. మొదటి వారంలోనే సింగన్న అక్క చుక్కమ్మ కొడుకు ఒక కాలు కుంటుకుంటూ తిరిగొచ్చాడు. ఇంకాస్త ఉంటే అసలు తిరిగొచ్చేవాడే కాదు.

"ఉండక్కా, నేనడుగుతా!" అని సింగన్న కచేరీకి వెళ్ళాడు.

"ఉప్పుమిట్టకు కంచె ఎవరు వెయ్యమన్నారు, ఎందుకు వెయ్యమన్నారు? ఇదే నా అర్జీ. రాసుకో పుల్లయ్యా."

పుల్లయ్య రాసుకున్నాడు. "మరి మీ గుర్తు? ఈ తడిమట్టిలో గిట్ట పెట్టండి బాబూ, ముద్ర తీసుకుంటాను."

"గిట్టా?" సింగన్న నవ్వాడు. "బురద తొక్కే గిట్టతోనా నన్ను గుర్తుపట్టేది? నా కొమ్ములు రాసుకో. ఇలాంటివి ఈ అడవిలో ఇంకెవరికైనా ఉన్నాయా?"

"ముద్ర అయితే మంచిది బాబూ."

"కొమ్ములు రాయవయ్యా అంటే!"

"ఎన్ని మొనలు?"

"ఆరు. అటు మూడు, ఇటు మూడు. అడవంతా ఎరిగిన సంగతే."

ముళ్ళపందికి తలెత్తి పైకి చూసేంత మెడ ఎక్కడిది? చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు.

పది రోజులకు జవాబు వచ్చింది. "ఇది చెప్పదగిన విషయం కాదు. ఇట్లు, పుల్లయ్య."

"చూస్తా వీడి సంగతి, రేపే అప్పీలు!" అని సింగన్న ఎగిరాడు. ఆ రేపు రాలేదు. ఎల్లుండి అన్నాడు. ఆ ఎల్లుండీ రాలేదు. అలా ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. ఆ రోజు పొద్దున సింగన్న కొమ్ము ఒకటి రాలిపోయింది. సాయంత్రానికి రెండోదీ రాలింది.

మగ దుప్పులకు ఏటా కొమ్ములు రాలతాయి, మళ్ళీ మొలుస్తాయి. ఇందులో వింతేమీ లేదు. కానీ సింగన్నకు తల కొట్టేసినట్టయింది. వెదురు పొదలో దూరి, రెండు రోజులు బయటికి రాలేదు.

ముప్పయ్యో రోజున చుక్కమ్మ పొద దగ్గరికి వచ్చింది. "ఒరేయ్, కొమ్ములు రాలితే నోరు కూడా రాలిపోయిందా? ఈ పొద్దు గూకితే గడువు అయిపోతుంది. మళ్ళీ ఏడాది దాకా ఈ సంగతి ఎవరూ అడగడానికి లేదు. ఏడాది పాటు పిల్లల్ని లోయకు పంపమంటావా?"

సింగన్న తలొంచుకుని బయటికి వచ్చాడు. చుక్కమ్మ, ఆమె వెనక కుంటుతూ కొడుకు, ముగ్గురూ ఏటి ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ కోతులూ కొంగలూ అప్పటికే గుమిగూడి ఉన్నాయి. అప్పీలంటే అడవిలో అందరికీ వేడుక. గడువుకు ఆఖరి రోజు కదా, పుల్లయ్య కూడా అర్జీ ఆకు పట్టుకుని వచ్చాడు.

"ఎవరు బాబూ?" అంది కూర్మమ్మ.

"సింగన్నని. నన్నెరగరా?"

"ఎరగకేం! పోయిన వేసవిలో ఇసకలో నా గుడ్లు తొక్కబోయావుగా. నేనెరగడం వేరు, ఆ అర్జీ పెట్టింది నువ్వేనని తేలడం వేరు. అర్జీలో కొమ్ములున్నాయి. నీ నెత్తి మీద లేవు. ఏం చెయ్యమంటావు?"

"నా కేక వినండి. అలా ఇంకెవరూ అరవలేరు." సింగన్న గొంతెత్తి ఒక్క కేక పెట్టాడు. ఒడ్డున కొంగలన్నీ ఎగిరిపడి మళ్ళీ వాలాయి.

"బాగానే అరిచావు. అర్జీలో కేక రాయలేదు," అంది కూర్మమ్మ.

"అయితే నా చుక్కలు చూడండి."

"చుక్కలు మీ మందంతటికీ ఉన్నాయి."

చుక్కమ్మ ముందుకొచ్చింది. "అమ్మా, వీడు మా తమ్ముడే. నేను సాక్షి."

"నీ తమ్ముడే కావచ్చు తల్లీ. ఏ అక్క అయినా తమ్ముడికి ఎదురు సాక్ష్యం చెబుతుందా?"

సింగన్నకు కోపం ముంచుకొచ్చింది. "ఇదేం వేధింపండీ! ఉప్పు లేనిది మాకు. కాలు విరిగింది మా పిల్లాడికి. అర్జీ నాది. నేనే నేనని మళ్ళీ రుజువు చెయ్యాలా? నా మాట నమ్మితే ఏం పోతుంది?"

"నీ అప్పీలు పోయేది," అంది కూర్మమ్మ తాపీగా. "నిన్న పొద్దున్నే, మంచు దట్టంగా ఉన్నప్పుడు, సింగన్న ఒకడు ఇక్కడికి వచ్చాడు."

"నేనా? నేను పొదలో ఉన్నానే!"

"కొమ్ములతో వచ్చాడు. గొంతు కీచుగా ఉంటే జలుబన్నాడు. 'నా అర్జీ నేను వదులుకుంటున్నాను, కొట్టెయ్యండి' అన్నాడు. మాట నమ్మేదాన్నయితే అప్పుడే కొట్టేసేదాన్ని. నమ్మలేదు కాబట్టి ఒక ప్రశ్న అడిగాను. వాడు తప్పు చెప్పాడు. ముద్ర వెయ్యమన్నాను. పరుగు లంకించుకున్నాడు. ఇప్పుడు అదే ప్రశ్న నిన్నూ అడుగుతాను."

సింగన్న కోపం చప్పున దిగిపోయింది. తనను ఇంతసేపు సతాయించిన పద్ధతే తన అర్జీని కాపాడిందన్నమాట!

"అడగండి," అన్నాడు నెమ్మదిగా.

"నీ కొమ్ములకు మొనలెన్ని?"

కోతులు కిచకిచలాడాయి. "ఇదీ ఒక ప్రశ్నేనా! ఆరు! ఏడాదంతా చెవులు చిల్లులు పడేలా చెప్పాడుగా!"

చుక్కమ్మ కూడా గుసగుసగా అంది. "ఆరని చెప్పరా. అర్జీలోనూ అదే ఉంది."

అసలు సంగతి సింగన్న ఒక్కడికే తెలుసు. అవి ఆరు కాదు. ఐదు. ఎడమ కొమ్ము మొన ఒకటి ఎప్పుడో విరిగిపోయింది. అది కనపడకుండానే ఆ తీగలన్నీ చుట్టేవాడు. ఈ సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

ఇప్పుడు ఐదంటే? అర్జీలో రాయించిన మాట అబద్ధమవుతుంది. అప్పీలు కొట్టెయ్యవచ్చు. పైగా ఇంతమంది ముందు పరువు పోతుంది. ఆరంటే? రాసినదానికి సరిపోతుంది. ఎవరికీ తెలియదు.

సింగన్న మేనల్లుడి వైపు చూశాడు. వాడు మూడు కాళ్ళ మీద నిలబడి మామయ్యనే చూస్తున్నాడు.

"ఐదండీ," అన్నాడు సింగన్న.

కూర్మమ్మ మెడ ముందుకు చాచింది.

"గట్టిగా చెప్పు బాబూ. నాకు చెముడు."

"ఐదే! ఎడమ పక్క మొన విరిగింది. కోతుల ముందు గొప్పకు పోయి చెదల పుట్టను పొడిచాను. పుట్టలో రాయుంది. పుల్లయ్యకు ఆరని అబద్ధం చెప్పాను. తప్పు నాదే. దానికి నన్నేమన్నా అనండి. కానీ ఉప్పు సంగతి మాత్రం విచారించండి."

కోతులు పడీపడీ నవ్వాయి. ఒక కోతి కొమ్మ మీంచి జారి ఏట్లో కూడా పడింది. కూర్మమ్మ నవ్వలేదు. వెనక ఉన్న రెల్లు దుబ్బులోంచి ఏదో బయటికి లాగింది. రెండు కొమ్ములు!

"నిన్న వచ్చినవాడు పారిపోతుంటే నా గుమ్మంలోని తీగలకు తగులుకుని ఇవి ఊడిపోయాయి. మంచులో ముఖం చూడలేదు గానీ తోక చూశాను. గుబురు తోక. ఎన్ని మొనలంటే వాడు తడుముకోకుండా ఆరన్నాడు. అడవంతా చెప్పుకునే మాటే చెప్పాడు. నెత్తిన పెట్టుకున్న కొమ్ములను ఒక్కసారైనా లెక్కపెట్టుకోలేదు. ఇవిగో, లెక్కపెట్టండి."

కొంగలు లెక్కపెట్టాయి. ఐదు.

"తల వంచు సింగన్నా." కూర్మమ్మ కొమ్ముల మొదళ్ళను సింగన్న నెత్తి మీది మచ్చల దగ్గర పెట్టించింది. కుండకు మూత కుదిరినట్టు కుదిరాయి. "అర్జీ పెట్టింది ఇతనే. పుల్లయ్యా, అర్జీలో ఆరు కొట్టేసి ఐదని దిద్దు. సింగన్నా, ఇప్పుడు ఇక్కడ గిట్ట పెట్టు. గిట్ట రాలదు, తీగలు చుట్టనక్కర్లేదు."

సింగన్న తడిమట్టిలో గిట్ట పెట్టాడు. పొద్దు ఇంకా చింతచెట్టంత ఎత్తులో ఉంది.

"పుల్లయ్యా, ఆ కంచె కాగితాలు... అదే, ఆకులు తీసుకురా."

పుల్లయ్య గునగునా నడుస్తూ ఆకుల కట్ట తెచ్చాడు.

"చెప్పదగిన విషయం కాదని ఎందుకు రాశావు?"

"గుంటయ్యగారు చెప్పొద్దన్నారండీ," అన్నాడు పుల్లయ్య నేల చూపులు చూస్తూ. గుంటయ్య ఎవరనుకున్నారు? నక్క.

"ఆయన వద్దంటే ఆగిపోవాలని చట్టంలో ఉందా?"

"లేదండీ."

"చదువు."

పుల్లయ్య చదివాడు. "ఉప్పుమిట్ట మట్టిలో విషం చేరింది. నేను స్వయంగా చూశాను. దుప్పుల మేలు కోరి కంచె వెయ్యమని మనవి. ఇట్లు, గుంటనక్క గుంటయ్య." దాని కింద అడవి పెద్ద ఎలుగుబంటి పంజా ముద్ర. అంతే. మట్టిని ఎవరూ పరీక్ష చెయ్యలేదు.

"లోయలో దుమ్ములగొండి తిన్నాక మిగిలింది ఎవరు తింటారు?" అని అడిగింది కూర్మమ్మ.

"గుంటయ్యే!" అన్నాయి కోతులు ఒక్క గొంతుతో. ఇక ఆ గుబురు తోక ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కూర్మమ్మ ఒక కొంగను పంపి ఉప్పుమిట్ట నుంచి చిటికెడు మట్టి తెప్పించింది. నాలుక మీద వేసుకుంది. కాసేపు చప్పరించింది.

"ఉప్పగా ఉంది," అంది.

ఆ కబురు వెళ్ళగానే ఎలుగుబంటి పరుగున వచ్చింది. చూడకుండా ముద్ర వేసినందుకు చెవులు పట్టుకుంది. కంచె తీసెయ్యమని ఆజ్ఞ ఇచ్చింది. తీసేది ఎవరు? గుంటయ్యే. ఒక్కొక్క ముల్లూ నోటితో పీకాడు. పక్కనే పుల్లయ్య కూడా కూర్చుని పీకాడు. ముళ్ళ పని అతనికి బాగా తెలుసు కదా మరి.

పొద్దు గూకే వేళకు దుప్పుల మంద ఉప్పుమిట్ట ఎక్కింది. తల్లులు, పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ ఒకటే నాకడం. సింగన్న బోడినెత్తితో వెనకగా నిలబడ్డాడు. ఒక బుల్లి దుప్పి వాడిని ఎగాదిగా చూసి, "అమ్మా, ఈ కొత్తాయన ఎవరే?" అని అడిగింది.

సింగన్న గతుక్కుమన్నాడు. అంతలో కుంటి మేనల్లుడు మూతి నిండా ఉప్పుమట్టితో తలెత్తాడు.

"మా మామయ్య. జరుగు, ఆయనకు చోటివ్వు."

నీతి: మనం ఎవరమో రుజువు చేసుకోవాల్సి వచ్చినప్పుడు గొప్పలు అక్కరకు రావు, నిజమే నిలబడుతుంది, రుజువు అడిగినవాళ్ళందరూ మన శత్రువులు కారు.