గవరయ్య బాగుచేసిన వంతెన

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక చిన్న బడి ఉండేది. బడంటే బల్లలూ గంటా ఉన్న బడి కాదర్రా. ఒక నేరేడు చెట్టు, దాని కింద ఒక తాబేలు, తాబేలు చుట్టూ గుప్పెడు పిల్లలు. అంతే.

ఆ తాబేలుని పిల్లలు తాబేలత్త అనేవారు. అత్త పాఠం చెప్పేది కాదు. పొద్దున్నే, "ఇవాళ ఏం చేద్దామర్రా?" అని అడిగేది. వాళ్ళు ఏం చేస్తామంటే అదే పాఠం. పిల్లలు పని మొదలుపెట్టగానే అత్త తన చేతులు డిప్పలోకి లాగేసుకునేది. వాళ్ళు తప్పు చేస్తున్నా సరే, ఆ చేతులు బయటికొచ్చేవి కావు.

"నా చేతులు పనిచేస్తే మీవి నిద్రపోతాయి" అనేది.

ఆ బడిలో మిణుకు అని ఒక ఉడత పిల్ల ఉండేది. దాని ఇల్లు వాగు అవతల. ఎండల్లో రాళ్ళ మీద గెంతుకుంటూ వచ్చేది. వానలు పడ్డాయా, వాగు పొంగేది, మిణుకు చదువు మునిగేది. కిందటేడు వానలన్నాళ్ళూ అవతలి గట్టునే కూర్చుని, ఇవతల పిల్లలు ఆడుకుంటుంటే చూసి ఏడ్చింది.

అందుకని ఈ ఏడు ఎండల్లో అత్త "ఏం చేద్దామర్రా?" అనగానే, దూకుడు అనే కొండముచ్చు పిల్లాడు లేచి, "మిణుకు కోసం వంతెన కడదాం" అన్నాడు.

అడవితీగలు తెచ్చి, బిగలాగి కట్టారు. గాలికి చెట్లు ఊగాయి. బిగిసిన తీగ ఫట్టుమంది. దూకుడు బుడుంగున నీళ్ళలో పడ్డాడు.

"ఎందుకు తెగిందంటావ్?" అని మాత్రం అడిగింది అత్త.

పిల్లలు బుర్రలు గోక్కున్నారు. ఈసారి తీగని ఊయల్లా వదులుగా కట్టారు. అయితే గట్టు అంచున ఉన్న లేత కానుగ చెట్టుకి కట్టారు. చెట్టు వేళ్ళతో సహా ఊడొచ్చింది. మళ్ళీ బుడుంగు. ఈసారి పక్కకి పోయి, ముసలి తుమ్మ మొద్దుకి కట్టారు. వంతెన కాస్తా వంకర తిరిగింది. తీగ ఎండి సన్నబడి ముడి జారింది. మూడో బుడుంగు. అప్పుడు ప్రతి ముడికీ పొడుగ్గా తోక వదిలి, మెలేసి, మళ్ళీ ముడేశారు.

ఆ తర్వాత వంతెన పడలేదు. చూడ్డానికి మాత్రం కిందికి జారి, పక్కకి వంగి, ముడి ముడికీ తోకలు వేలాడుతూ, ముసలి మేకపోతు గడ్డంలా ఉండేది. మిణుకు దాని మీద అటూ ఇటూ పరిగెత్తేది.

ఇప్పుడొస్తాడు చూడండి మన గవరయ్య. దూకుడు వాళ్ళ నాన్న. పెద్ద తోక, అంతకంటే పెద్ద నోరు. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముడి వేసిన పాపాన పోలేదు. ఎవరేసిన ముడికైనా వంక పెట్టడంలో మాత్రం అందెవేసిన చెయ్యి.

ఒకనాడు సాయంత్రం గవరయ్య వంతెన దగ్గరికొచ్చాడు. మర్నాడు బడి చూడ్డానికి పొరుగడవి నుంచి నెమలి పంతులుగారు వస్తున్నారు. ఆయన బడి చాలా పేరున్న బడి. అక్కడి బాతుపిల్లలు ఈత గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పేవి, నీళ్ళు చూస్తే అమ్మ రెక్క కింద దూరేవి.

"ఏవమ్మా తాబేలూ" అన్నాడు గవరయ్య. "ఇదేనా ఎండాకాలమంతా మావాడు వెలగబెట్టింది? రేపు పంతులుగారు చూస్తే నా పరువేం గాను?"

"కట్టింది పిల్లలు నాయనా. ఏదైనా మార్చాలనుంటే వాళ్ళనడుగు."

"పిల్లల్నడగడమేవిటి, నా మొహం. వాళ్ళకేం తెలుసు?"

పొద్దుగుంకాక పిల్లలు ఇళ్ళకి పోయారు. అత్త డిప్పలో ముడుచుకుని కునుకు తీసింది. గవరయ్య ఇద్దరు బావమరుదుల్ని వెంటేసుకుని వచ్చాడు. జారిన తీగని బిగలాగాడు. వంకర పోవాలని తుమ్మ మొద్దు దగ్గర విప్పి, గట్టు మీది ఇంకో లేత కానుగకి కట్టాడు. ముడుల తోకలన్నీ కొరికి పారేశాడు. మిగిలిన పాత తీగల్ని పొదలోకి విసిరేసి, పైన మోదుగుపూలు చుట్టాడు.

"ఏం నైపుణ్యం బావా" అన్నారు బావమరుదులు.

తెల్లారింది. రాత్రి కొండ మీద వాన పడ్డట్టుంది, వాగు ఎర్రగా పొంగి పోతోంది. నెమలి పంతులుగారు వచ్చి వంతెన చూశారు.

"ఆహా, గీత గీసినట్టుంది. ఎవరు కట్టారు?"

"మా పిల్లలేనండి" అన్నాడు గవరయ్య, సిగ్గు లేకుండా.

దూకుడు ముందుకొచ్చాడు. "నాన్నా, తోకలేవి? ఊయల్లా ఉండాలి కదా, ఇలా బిగించారేంటి?"

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నీకేంట్రా. ఒసే మిణుకూ, పంతులుగారు చూస్తున్నారు, దాటి రా."

అవతలి గట్టు మీద మిణుకు తీగని ముక్కుతో వాసన చూసింది. కాలితో తట్టింది. వెనక్కి జరిగింది.

"నేను రాను బాబాయ్. ఇది మా వంతెన కాదు."

"పిరికి ఉడతా. ఇన్నాళ్ళు చదివి నువ్వు నేర్చుకుంది ఇదా?"

"గవరయ్యా, ఎక్కకు" అంది అత్త.

"నీ బడిలో నేను చదవలేదులేవమ్మా" అని గవరయ్య తోకెత్తుకుని వంతెనెక్కాడు. నడిమికి పోయి, పంతులుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టబోయాడు.

గాలి వీచింది. తీగ తెగింది. ముడి జారింది. కానుగ చెట్టు వేళ్ళతో సహా వచ్చింది. పిల్లలు మూడుసార్లుగా పడిన పాట్లు మన గవరయ్య ఒక్కసారే పడ్డాడు.

నెమలి పంతులుగారు నీటి చుక్క తగలగానే ఎగిరి కొమ్మెక్కి, మునిగేవాణ్ణి ఎలా రక్షించాలో అక్కణ్ణుంచి వల్లించడం మొదలెట్టారు. "తిన్నగా ఈదు బావా" అని బావమరుదులు గట్టు మీద నిలబడి అరిచారు.

పిల్లలు అరవలేదు. పొదలోకి దూరి పాత తీగ లాక్కొచ్చారు. తుమ్మ మొద్దుకి చుట్టారు, మెలేశారు, తోక వదిలి మళ్ళీ ముడేశారు. రెండో కొస గవరయ్య మీదికి విసిరారు. ఆయన పట్టుకున్నాడు. అందరూ కలిసి లాగారు. మెడలో మోదుగుపూలు వేసుకుని, పెళ్ళివారొదిలేసిన పెళ్ళికొడుకులా గట్టున పడ్డాడు.

"ఈ తోకలు ఎందుకో ఇప్పుడు తెలిసిందా నాన్నా?" అన్నాడు దూకుడు.

గవరయ్య నోట్లోంచి నీళ్ళే వచ్చాయి.

వాగు కాస్త తగ్గాక పిల్లలు వంతెన మళ్ళీ కట్టడం మొదలెట్టారు. గవరయ్య వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. ఒక ముడి వంకరగా కనపడింది. చెయ్యి దురదపెట్టింది. మెల్లగా ముందుకు చాపాడు.

"నాన్నా, చెయ్యి" అన్నాడు దూకుడు, తలెత్తకుండానే.

పాపం, ఆయనకి డిప్పేదీ? రెండు చేతులూ కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. పక్కనే తాబేలత్త కూడా చేతులు డిప్పలో పెట్టుకుని కూర్చుంది.

వానలు పడ్డాయి. వాగు పొంగింది. మేకపోతు గడ్డంలాంటి ఆ వంతెన మీద, తడిసిన తోకెత్తుకుని, మిణుకు రోజూ బడికి వచ్చింది.

నీతి: పడి నేర్చుకున్నవాళ్ళ వంకరని, పడనివాడు సరిచెయ్యబోకూడదు.