పెళ్ళి లైవ్ రాలేదని పెద్దకర్మ చేసినవాళ్ళు

మేడిశెట్టి వారింట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఇంకెవరూ చెప్పకపోవడంతో. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం. సొంత తెలివి చిటికెడు కలిపామేమో చూపించండి!" అనేవాడు పెద్దవాడు నూకరాజు. తమ్ముడు తాతబ్బాయి పక్కన నిలబడి తల ఊపేవాడు.

నూకరాజు కొడుకు గణపతికి పెళ్ళి కుదిరింది. సరిగ్గా అప్పుడే నాన్నమ్మ వెంకాయమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కల్యాణమండపానికి ఎదురుగానే ఆసుపత్రి. అయినా డాక్టరు ఆవిడని మంచం దిగనివ్వలేదు. "మనవడు తాళి కట్టడం చూస్తేనే మందులు మింగుతా" అని ఆవిడ మూతి బిగించింది.

"దానికేం, లైవ్ పెడతానుగా" అన్నాడు తాతబ్బాయి. ఊళ్ళో మంచికీ చెడుకీ కంప్యూటర్లో వీడియో లైవ్ ఇచ్చేది అతనే.

పెళ్ళిరోజు ముహూర్తం దగ్గరపడుతుండగా లైవ్ బటన్ నొక్కాడు. తెర నల్లబడింది. "గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం లేదు. కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది.

"కాసేపు ఆగాలంట!" అని కేకేశాడు తాతబ్బాయి.

అంతే. సన్నాయి ఆగింది. నూకరాజు పంతులుగారి నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. వడ్డించేవాడు పులిహోర గరిటె గాల్లోనే ఉంచాడు. గణపతి ఊపిరి కూడా ఆపేశాడు. పెళ్ళికూతురు హైమ అతని వీపు మీద ఒకటి చరిస్తే గానీ వదల్లేదు.

ఆగినా తెర వెలగలేదు. కంప్యూటర్ షాపు ఖాదర్‌కి ఫోన్ చేశారు.

"డ్రైవరంటే వీడియో కార్డుని నడిపించే ప్రోగ్రామండి. ఈమధ్య కొత్తది వేశారా?"

"వేసుకోమంది, వేశాం."

"అదే కొంప ముంచింది. ఆఖరుసారి ఎప్పుడు బాగా పనిచేసింది?"

"వీధి చివర కొండయ్యగారి పెద్దకర్మకి. అద్దంలా వచ్చింది!"

"అయితే అప్పుడెలా ఉందో మళ్ళీ అలా పెట్టేయండి. షాపులో జనం ఉన్నారు, మళ్ళీ చేస్తా."

ఇంకేముంది! గణపతిని పీటల మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు దీపం, అగరొత్తులు. "దండ ముందే వేసుంది, ఒక పని తగ్గింది" అన్నాడు నూకరాజు.

"నవ్వకురా. ఫోటోలో కొండయ్యగారు నవ్వలేదు" అన్నాడు తాతబ్బాయి.

"ఆయనకి బుర్రమీసాలు కదా బాబాయ్?"

"కాటుక తెండ్రా!"

ఆడవాళ్ళని ఏడవమన్నారు. హైమ అప్పగింతలకని దాచుకున్న ఏడుపంతా అక్కడే ఖర్చుపెట్టేసింది. లడ్డూలు లోపల పెట్టించి గారెలు వండించారు.

"అపచారం! ఇది పెళ్ళయ్యా!" అని మొత్తుకున్నారు పంతులుగారు.

"మీరు పక్కకి తప్పుకోండి. ఆ రోజు వేరే పంతులుగారు. కబురు పంపాం, వస్తున్నారు."

ఇంతలో ఖాదర్ ఫోన్ చేశాడు. "అయ్యో, ఆ ఏడుపులేంటి? ఎవరండీ పోయింది?"

"మా గణపతి."

"అయ్యయ్యో! ఎప్పుడూ?"

"ఇందాకే. ఇక్కడే కూర్చున్నాడు, మాట్లాడతారా?"

సంగతంతా విని ఖాదర్ తల బాదుకున్నాడు. "మార్చాల్సింది కంప్యూటర్లో డ్రైవర్ ఒక్కటేనండీ బాబూ! పాతదానికి మార్చే బటనుంటుంది. అది నొక్కి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యండి."

నొక్కారు. ఆపి మళ్ళీ వేశారు. తెర వెలిగింది! గణపతి మళ్ళీ పీటలెక్కాడు.

"మీ తెర మీద వస్తే చాలదు. చూసేవాళ్ళ ఫోన్లో వస్తోందో లేదో చూసుకోండి" అన్నాడు ఖాదర్.

చూసేది వెంకాయమ్మ ఒక్కతే. అంతే, ఇంటిల్లిపాదీ రోడ్డు దాటి ఆసుపత్రికి పరుగు. "మా పెళ్ళి వస్తోందో లేదో మేం చూసుకోవద్దా?" అంటూ గణపతి, హైమ బాసికాలతోనే పరిగెత్తారు. వెనక తాళి పళ్ళెంతో పంతులుగారు, "ముహూర్తం! ముహూర్తం!" అని ఆయాసపడుతూ.

ఫోన్లో బొమ్మ నిక్షేపంలా వస్తోంది. రెండు ఖాళీ పీటలు, వాటి మీద పసుపు మరకలతో సహా.

"పెళ్ళికొడుకేడిరా?" అంది వెంకాయమ్మ.

"ఉండు నాన్నమ్మా, వచ్చేస్తాడు" అన్నాడు గణపతి, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ముసలావిడ తలెత్తి చూసింది. "ఒరే, పిల్లా పిల్లాడూ నా ఎదురుగానే ఉన్నారు. తాళి పంతులుగారి చేతిలో ఉంది. ఇక్కడే కట్టించెయ్యండ్రా!"

అందరూ పడీపడీ నవ్వారు.

"పెద్దదానివైపోయావమ్మా!" అన్నాడు నూకరాజు. "ఇక్కడ కడితే నీకు లైవ్‌లో ఎలా కనబడుతుంది?"

అంతా బిలబిలమంటూ మండపానికి పరిగెత్తారు. తాళి కట్టేటప్పుడు కూడా చూసేవాళ్ళ ఫోన్లో వస్తోందో లేదో చూసుకోవాలిగా! అందుకని తాతబ్బాయి వెంకాయమ్మ చేతిలోని ఫోను కూడా పట్టుకెళ్ళాడు.