నెమలి అక్షరాలు ఎవరివి?

మేళవరం రాజు మల్లభూపాలుడికి ఒకరోజు పొద్దున్నే ఓ కోరిక పుట్టింది. కొత్త కోటగుమ్మం మీద తన పేరు ఇంతవరకూ ఎవరూ చూడని సొగసైన అక్షరాల్లో ఉండాలి! వారం గడువు పెట్టి చాటింపు వేయించాడు.

నాలుగోరోజుకే ఆస్థాన లేఖకుడు గుండయ పంతులు ఓ పలక పట్టుకొచ్చాడు. ప్రతి అక్షరానికీ నెమలి మెడ వంపు, తలకట్టు బదులు పింఛం. సభంతా నోరు తెరిచింది.

"ఇవి నా బుర్రలో పుట్టినవి ప్రభూ! ఇకమీదట ఇంకెవరు వాడినా రాజ్యం నుంచి వెళ్లగొట్టాలి," అన్నాడు పంతులు మీసం దువ్వుతూ.

"అలాగే. రేపే శాసనం వేయిద్దాం," అన్నాడు రాజు.

సభలో ఉన్న ఓబులయ్య ఆ పలక వైపు మళ్లీ చూశాడు. రాజుకి హాస్యం చెప్పడం అతని కొలువు. అద్దకం అచ్చులు చెక్కే చెన్నమ్మ గుమ్మానికి వేలాడే నమూనా గుడ్డ మీద ఆ అక్షరాలే చూశాడతను. సభ ముగియగానే ఆమె ఇంటికి పరుగెత్తాడు.

విషయం వినగానే చెన్నమ్మ చతికిలబడింది.

"ఈ అక్షరాలు రెండేళ్లు చెక్కానయ్యా, ఇంకా ఎవరికీ అమ్మలేదు! సంతలో చవగ్గా దొరికే నా పాత అచ్చుల నకళ్లు పుచ్చుకర్రవి, ఇంటికి చెదలు తెస్తాయని అందరూ నా దగ్గరికే వస్తారు. వాడుకునే హక్కు రాసిచ్చి మరీ ఇస్తాను. పంతులు అడిగితే ఇవ్వనా? ఇప్పుడు నా అచ్చులు నేను ముట్టుకుంటే నన్నే తరిమేస్తారా?"

"అక్కా, ఆ గుడ్డ మీద అక్షరాలన్నీ ఉన్నాయా?"

"క్ష తప్ప అన్నీ ఉన్నాయి. దానికి చోటు చాల్లేదు."

ఓబులయ్య మొహం వెలిగింది. "రేపు ఆ క్ష అచ్చు పట్టుకుని సభకి రా."

మర్నాడు రాజు శాసనం మీద ముద్ర వేయబోతుంటే ఓబులయ్య లేచాడు.

"ప్రభూ, పంతులుగారు ఆ అక్షరాల్లో ఒక్క మాట మా ఎదుట రాస్తే కళ్లారా చూస్తాం."

పంతులు పొంగిపోయాడు. "చెప్పవయ్యా, ఏం రాయమంటావు?"

"క్షమించండి."

పంతులు కుంచె గాల్లోనే ఆగింది. చివరికి ఏదో గీశాడు. మిగతా పింఛాల పక్కన ఆ మొదటి అక్షరం ఈకలు పీకిన కోడిలా నిలబడింది.

చెన్నమ్మ ముందుకొచ్చి, అచ్చుని రంగులో ముంచి, పక్కనే అద్దింది. రెండు నెమళ్లు మెడలు పెనవేసుకున్న క్ష!

రాజు కళ్లెర్రజేశాడు. "ఏం పంతులూ, ఇది నీ బుర్రలో పుట్టలేదా?"

"దాని... దాని అవసరం నాకెప్పుడూ పడలేదు ప్రభూ!"

ఓబులయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఇప్పుడు పడింది కదా పంతులుగారూ! చెన్నమ్మక్కని అడిగి పుచ్చుకోండి."

సభ గొల్లుమంది. రాజు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, శాసనంలో పంతులు పేరు కొట్టేసి చెన్నమ్మ పేరు రాయించాడు. తన భుజం మీది శాలువా తీసి ఓబులయ్యకి కప్పాడు.