ఉస్తాద్ పెట్టెలో రెండు ఎరుపులు

ప్రసూనను కొన్నాళ్లుగా ఒక సంగతి తొలిచేస్తోంది. ఉస్తాద్ రంగుల పెట్టెలో ఒకే ఎరుపు రెండుసార్లు ఉంది.

పెట్టె అంటే చెక్కపెట్టె కాదు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసేటప్పుడు తెరకు ఒక పక్కన రంగుల గళ్లు వరసగా ఉంటాయి చూడండి, అది. అందరూ ప్యాలెట్ అంటారు. మా ఉస్తాద్ మాత్రం పెట్టె అంటారు.

ఆయన పేరు ఖాజా మొహిద్దీన్. ముప్పై ఏళ్లు ఆదోని బజారులో అంగళ్లకు బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెలు మూలన పడ్డాక, యాభై నాలుగో ఏట కంప్యూటర్ నేర్చుకుని పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆయన పుస్తకాలకు అక్షరాలు కూర్చేది నేనే.

ప్రసూన ఆయన శిష్యురాలు. చురుకైన పిల్ల. చేతిలో పని శుభ్రం. ఆ శుభ్రమే కాస్త ఎక్కువ. బల్ల మీద టీ మరక కనబడిందంటే, దాన్ని తుడిచేదాకా ఆమెకు మాట సాగదు.

రెండేళ్లుగా ఉస్తాద్ ఆమెను రంగులు వాడుకోనిచ్చారు గానీ పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఒక గడి చేర్చడానికి లేదు, తియ్యడానికి లేదు. "ఈ పుస్తకం అచ్చుకు పోనీ బేటీ. తర్వాతి పుస్తకానికి పెట్టె నువ్వే కడుదువు" అన్నారు. ఆ మాట పట్టుకుని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది.

ఆ పుస్తకం ఒక కండక్టరమ్మ కథ. ఎర్ర బస్సు, ఎర్ర చీర, ఇరవైనాలుగు పేజీలు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"ఉస్తాద్, ఈ రెండు గళ్లలోనూ ఒకటే ఎరుపు. రంగు నంబరు కూడా చూశాను. ఒక్క అంకె తేడా లేదు."

"అవును."

"మరి రెండెందుకు?"

"ఒకటి బస్సుది. ఒకటి ఆమె చీరది."

"రంగు ఒకటే కదా!"

"ఒకటే" అని ఆయన మళ్లీ బొమ్మలో పడ్డారు.

అంతే. ఇంకెవరైనా అయితే కూర్చోబెట్టి వివరంగా చెప్పేవారు. ఈయన చెప్పరు. అదేం తిక్కో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ప్రసూన ఊరుకోలేదు. గళ్లన్నీ లెక్కపెట్టింది. అరవై ఒకటి. అందులో తొమ్మిది జతలు అచ్చంగా ఒకే రంగు. తాత జుట్టూ మల్లెపూలూ ఒకే తెలుపు. డిపో గోడా పులిహోరా ఒకే పసుపు.

"పెద్దాయన కదా పాపం, వేసింది మరిచిపోయి మళ్లీ వేసుకున్నట్టున్నారు" అంది నాతో గుసగుసగా. నేను తలూపాను. ఊపకుండా ఉండాల్సింది.

శుక్రవారం ఉస్తాద్ నమాజుకు వెళ్లారు. ప్రసూన కుర్చీ దగ్గరికి లాక్కుంది.

రెండు గళ్లు ఎంచుకుని కలిపెయ్యమంటే సాఫ్ట్‌వేర్ కలిపేస్తుంది. రెండో గడి రంగు ఎక్కడెక్కడ వాడారో అక్కడంతా మొదటి గడిది వచ్చి కూర్చుంటుంది. అలా తొమ్మిది జతలూ కలిపేసింది. అరవై ఒకటి కాస్తా యాభై రెండయ్యాయి. కలిపేటప్పుడు ఉస్తాద్ పెట్టుకున్న పేర్లు చూసి నవ్వుకుంది. "కండక్టరమ్మ చీర", "బస్సు", "తాత జుట్టు" అని ఉన్నాయవి. మిగిలినవాటిని "ఎరుపు 1", "తెలుపు 1" అని మార్చింది. లేత రంగు మొదలుకుని ముదురు రంగు దాకా వరసగా సర్దింది. ఫైలుకు పాత కాపీలు నాలుగుంటే, ఎందుకీ చెత్త అని అవీ తీసేసింది.

నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటేసింది. "ఉస్తాద్ చూస్తే ఎంత సంబరపడతారో!" అంది.

ఆయన ఒక్కరే రాలేదు. పుస్తకం వేయిస్తున్న వసుంధర గారు కూడా వచ్చారు. అచ్చుకు పోయేముందు ఆఖరిసారి చూసుకుందామని ఆవిడ కర్నూలు నుంచి బయల్దేరి వచ్చారు. పేజీలన్నీ నిదానంగా చూశారు.

"చాలా బాగుంది ఖాజా గారూ. బస్సు ఒక్కటే మరీ కొత్తగా ఉంది. ఊళ్లు తిరిగే బస్సు కదా, కాస్త వెలిసినట్టు చేస్తారా? కండక్టరమ్మ చీర మాత్రం ముట్టుకోకండి. పుస్తకానికి అదే ప్రాణం."

"ఒక్క నిమిషం పని మేడమ్!" అంది ప్రసూన, ఉస్తాద్ నోరు తెరవకముందే.

నిమిషం కూడా అక్కర్లేదు నిజానికి. గడిలో రంగు మారిస్తే చాలు, ఆ గడి రంగున్న బొమ్మలన్నీ వాటంతటవే మారతాయి. ప్రసూన ఎరుపు గడి తెరిచి కాస్త తగ్గించింది. ఇరవైనాలుగు పేజీల్లోనూ బస్సు వెలిసిపోయింది.

కండక్టరమ్మ కూడా వెలిసిపోయింది. మెట్ల మీద నిలబడ్డ బొమ్మలో, టికెట్లు కొడుతున్న బొమ్మలో, కూతుర్ని ఎత్తుకున్న బొమ్మలో, అన్నింట్లో ఆమెకు ఇటుకపొడి రంగు చీర.

"అయ్యో! ఈమెకేమైంది?" అన్నారు వసుంధర గారు.

ప్రసూన గబగబా వెనక్కి తెచ్చింది. బస్సూ కండక్టరమ్మా ఇద్దరూ ఎర్రబడ్డారు. మళ్లీ తగ్గించింది. ఇద్దరూ వెలిశారు.

ఉస్తాద్ ముందుకు వంగి పెట్టె వైపు చూశారు. యాభై రెండు గళ్లనూ, వాటి కొత్త పేర్లనూ ఒక్కొక్కటే చదివారు. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు అరుస్తారు అనుకున్నాను.

"పాత కాపీ?" అన్నారు.

"తీసేశాను ఉస్తాద్. చెత్త అనుకుని..."

వసుంధర గారు లేచారు. "సోమవారం పొద్దున నా చేతికి రావాలి ఖాజా గారూ. లేకపోతే బడులు తెరిచేనాటికి పుస్తకం అందదు" అని చెప్పి వెళ్లిపోయారు.

ఆవిడ గడప దాటగానే ప్రసూన భోరుమంది. "నా మొహానికి పెట్టె ఒకటి తక్కువైంది. రేపట్నుంచి నేను రాను ఉస్తాద్."

ఆయన చెప్పులేసుకున్నారు. "పోదాం పా."

"యాడికి?"

"బజారుకు."

ఏ పనీ చెప్పకుండా బజారుకేంటో! నేనూ వెంట నడిచాను. మెయిన్ రోడ్డులో పడమటి ఎండకు ఎదురుగా ఒక బట్టల అంగడి ఉంది. దాని ముందు ఆగారు. పైన రేకు బోర్డు. ఒకప్పుడు ఎర్రటి అక్షరాలే అయ్యుంటాయి. ఇప్పుడు పాలిపోయి, అక్కడక్కడ పెచ్చులు లేచి ఉన్నాయి. ప్రసూన కళ్లు తుడుచుకుని చూసింది. కింద మూలన ఉస్తాద్ చిన్న సంతకం, దాని పక్కన తేదీ.

ఆయన ముందుకు నడిచారు. పక్క సందులోకి తిరిగితే ఒక అత్తరు అంగడి. ముందుకు దింపిన చూరు కింద దాని బోర్డు. దాని మీది ఎరుపు నిన్ననే వేసినట్టుంది. ప్రసూన వంగి మూలన చూసింది. అదే సంతకం. తేదీ దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"ఒకే రోజు రాశారా?"

"పొద్దున అది. మధ్యాహ్నం ఇది."

"రంగు?"

"ఒకే డబ్బా."

 వెనక్కి పోయి బట్టల అంగడి బోర్డు మళ్లీ చూసింది. తిరిగొచ్చి దీన్ని చూసింది. మళ్లీ పోయింది. మూడోసారికి అత్తరు అంగడాయన బయటికొచ్చి "ఏం కావాల్నమ్మా?" అన్నాడు.

"ఏం వద్దన్నా. చూస్తున్నా అంతే."

ఉస్తాద్ ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. ఎంతసేపైనా తాగేటట్టే ఉన్నారు.

శనివారం పొద్దున్నే ప్రసూన వచ్చి మొదటి పేజీ తెరిచింది. ఎర్రగా ఉన్న ముక్క మీద నొక్కడం, ఇది బస్సుది, ఇది అమ్మది అని విడదీయడం. మెట్టు మీద పడ్డ కొంగు అమ్మది. కొంగు పక్కనున్న తలుపు బస్సుది. తెల్ల ముక్క వచ్చిందంటే "తాతదా, పూలదా" అని తనలో తానే అడుగుతుంది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఉస్తాద్‌ను ఒక్క మాట అడగలేదు. ఆయనా ఒక్క మాట చెప్పలేదు.

ఆదివారం సాయంత్రానికి మళ్లీ అరవై ఒక్క గళ్లయ్యాయి. ఉస్తాద్ పేర్లు ఏ గడివి ఆ గడికి రాసింది. తర్వాత బస్సు గడి తెరిచి రంగు తగ్గించింది. బస్సు వెలిసింది. దాని మెట్ల మీద కండక్టరమ్మ ఎర్రగా అలాగే నిలబడి ఉంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

సోమవారం ఫైలు వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఉస్తాద్ కొత్త ఫైలు తెరిచారు. పెట్టెలో ఒక్క గడి లేదు. బొమ్మలు గీసే పెన్ను ప్రసూన ముందుకు జరిపారు.

"ఒకే ఈతలో పుట్టిన రెండు మేకపిల్లల కథ. రెండూ నల్లవే. పెట్టె కట్టు" అని పేపరు తీసుకుని పక్కకు తిరిగారు.

ప్రసూన పెన్ను అందుకుంది. మొదటి గడిలో నలుపు వేసింది. దానికి "పెద్దది" అని పేరు పెట్టింది. తర్వాత పక్కన ఇంకో గడి తెరిచి, మళ్లీ అదే నలుపు, అదే నంబరు వేసి, "చిన్నది" అని రాసింది.

నాకు నోరు ఊరుకోదు కదా. "రెండూ ఒకటే నలుపు కదమ్మా!" అన్నాను.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"కథ ఇంకా మొదలు కాలేదు కదన్నా" అంది.