ఓడరాణి పెట్టిన ముద్ద

రండి, ఇటు రండి. భాస్కరా, ఆ దుప్పటంతా నువ్వే లాక్కోకురా, అక్కకీ కాస్త వదులు. నీలూ, కాళ్ళు ముడుచుకో తల్లీ. ఊఁ కొట్టేవాళ్ళకే కథ. నిద్రపోయేవాళ్ళకి లేదు, ముందే చెప్తున్నా.

అనగా అనగా, అని మా అమ్మ చెప్పగా, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పగా, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాట్ట. పేరా? నోట్లోనే ఉంది, రావడం లేదు. రాజంటే చాల్లే. ఆ రాజు ఓడెక్కి ఎటో వెళ్ళి, ఏదో దీవిలో ఒక పిల్లని చూసి, పెళ్ళాడి తీసుకొచ్చాట్ట. ఆ పిల్ల పేరు ఈ ఊళ్ళో ఒక్కరికీ నోరు తిరగలేదు. ఓడలో వచ్చింది కదాని ఓడరాణి అనేశారు. వచ్చి ఏడాది తిరక్కుండానే మన తెలుగు చక్కగా నేర్చుకుంది, కానీ ఏం లాభం, ఆవిడతో మాట్లాడేవాడేడీ?

ఎందుకు మాట్లాడరంటావా? ఆ కొలువులో అదో ఆచారం. రాణిగారిని నోటితో అడక్కూడదుట. అడిగితే అమర్యాదట. మరి రాణిగారి మాట లేకుండా ఏ పనీ చెయ్యకూడదుట! ఇదెక్కడి తిరకాసో చూడండి. అందుకని ఏం చేసేవారంటే, పెద్దరాణిగారి రోజుల్లో, అంటే ఈ రాజుగారి తల్లి రత్నాంబగారి రోజుల్లో, పొద్దున్న సభలో ఒక సంగతి అనుకునేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాణిగారు తాంబూలం పళ్ళెం కుడివైపు జరిపితే సరే అన్నట్టు, ఎడమవైపు జరిపితే వద్దన్నట్టు. అలా నడిచిపోయింది రాజ్యం.

ఊఁ అనరే? వింటున్నారా? సరే.

ఇప్పుడు ఈ ఓడరాణి తమలపాకులు వెయ్యదు. మొదటిరోజు సున్నం ఎక్కువై నోరు పొక్కింది, మళ్ళీ ఆ పళ్ళెం ముట్టుకోలేదు. ఇంక కొలువంతా గోల. రాణిగారి మాట తెలిసేదెట్లా? అప్పుడు వంటాయన ఒకటి కనిపెట్టాడు. ఓడరాణి విస్తట్లో చెయ్యి పెట్టగానే మొదటి ముద్ద తను తినదు. తీసి విస్తరంచున పెడుతుంది. ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు. ఇంకేం! వంటాయన చూసి వడ్డించేవాడికి చెప్పె, వడ్డించేవాడు వాకిట భటుడికి చెప్పె, భటుడు నరసన్న మంత్రికి చెప్పె, మంత్రి రాజుగారికి చెప్పె. కుడివైపు పడితే సరే, ఎడమవైపు పడితే వద్దు, ఆకు కొసన పడితే ఆగండి. తన వైపే పెట్టుకుంటేనో అని అడిగారుట ఎవరో. అప్పుడు రాణిగారికి కోపమొచ్చినట్టన్నాడు మంత్రి. అలా పెట్టుకున్నరోజు అందరూ తలుపులేసుకుని కూర్చునేవారు.

ఆ ఊరికి నీళ్ళు తక్కువ. కాలవ తవ్వుదామా అనుకున్నారు సభలో. ముద్ద కుడివైపు పడింది. వంటాయన వడ్డించేవాడికి, వడ్డించేవాడు భటుడికి, భటుడు మంత్రికి, మంత్రి రాజుకి. ఇంక తవ్వడమే తవ్వడం. కోట దగ్గర్నుంచి రేవుకి పోయే దారికి అడ్డంగా పేద్ద కాలవ. నాల్రోజులు పోయాక, ఇంకా తవ్వాలా అనుకున్నారు. ముద్ద ఎడమవైపు పడింది. అయితే పూడ్చండన్నారు. పూడ్చారు. మళ్ళీ ముద్ద కుడివైపు. మళ్ళీ తవ్వారు. మళ్ళీ ఎడమవైపు. మళ్ళీ పూడ్చారు. ఈ కొసన తవ్వేవాళ్ళు తవ్వుతున్నారు, ఆ కొసన పూడ్చేవాళ్ళు పూడుస్తున్నారు. మధ్యలో వాన పడి అంతా బురద. పన్నులు ఇవాళ తగ్గాయి, రేపు పెరిగాయి. జనానికి పిచ్చెత్తిపోయింది. పరదేశి పిల్ల మన రాజుని గుప్పిట్లో పెట్టుకుని ఆడిస్తోందని వీధివీధినా తిట్టేవాళ్ళు. పాపం, ఆవిడకేమో తను రాజ్యం ఏలుతున్నట్టే తెలీదు!

ఏవిటి నీలూ? ముద్ద అటొకసారి ఇటొకసారి ఎందుకు పెట్టిందా? అదే కదా చెప్పబోతున్నా, తొందరేవిటే? ఆ... ఎక్కడున్నాం? బురద. ఆఁ.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే రేవులోకి ఒక ఓడ వచ్చింది. ఎవరిదో తెలీదు. తెరచాప మీద చేప బొమ్మ. అందులోవాళ్ళ మాట ఎవరికీ అర్థం కాదు. దొంగల ఓడే అయ్యుంటుంది, తగలబెట్టేద్దామన్నాడు సేనాపతి. రాజుగారు తల గోక్కున్నాడు. ఒకవేళ రాణిగారి పుట్టింటివాళ్ళయితేనో? ఆ మాట వెళ్ళి పెళ్ళాన్ని అడగొచ్చు కదా, పక్కగదిలోనే ఉంది! అడగడు. వాళ్ళవాళ్ళే అయితే ఆవిడ వద్దంటుందిగా, మధ్యాహ్నం ముద్ద చూద్దాం అన్నాట్ట. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ ఓడలో ఎవరున్నారో తెలుసా? ఓడరాణి తమ్ముడు. అక్కని చూసి ఏడాది దాటిందని, ఎండుచేపలూ కొబ్బరికాయలూ వేసుకుని, సముద్రం దాటి వచ్చాడు పిచ్చితండ్రి.

మధ్యాహ్నమైంది. ఆరోజు రత్నాంబగారు కోడలి మీదికి దెబ్బలాటకొచ్చింది. ఆవిడ భోజనం ఎప్పుడూ వేరే. కానీ ఆ కాలవ తవ్వినా దుమ్మే, పూడ్చినా దుమ్మే, మేడమీద ఆరబెట్టిన వడియాలన్నీ ఇసకైపోయాయి. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాలని వచ్చి, కోడలి విస్తరికెదురుగా పీట వేసుక్కూర్చుంది.

ఓడరాణి ముద్ద కలిపింది. కిటికీలోంచి ఒక్కసారి సముద్రం వైపు చూసింది. ముద్ద తీసి పెట్టింది. కుడివైపు!

ఇంకేముంది. వంటాయన వడ్డించేవాడికి చెప్పె, వడ్డించేవాడు భటుడికి చెప్పె, భటుడు మంత్రికి చెప్పె, మంత్రి రాజుకి చెప్పె. కాగడాలు పట్టుకుని భటులు రేవుకి బయల్దేరిరి.

ఇక్కడ రత్నాంబగారికి దెబ్బలాట నోట్లోనే ఆగిపోయింది. కోడలి కళ్ళనిండా నీళ్ళు. ఆచారం లేదు గీచారం లేదు, నోటితోనే అడిగేసింది.

"ఎవరికమ్మాయీ ఆ ముద్ద?"

"మా అమ్మకి, అత్తయ్యగారూ. మా దీవిలో అత్తారింటికొచ్చిన ఆడపిల్ల మొదటి ముద్ద పుట్టింటి వైపు పెట్టాలి. అప్పుడు అక్కడ అమ్మ కడుపు నిండుతుందంటారు."

"మరి రోజుకో వైపు పెడతావేం?"

"నేనెప్పుడూ సముద్రం వైపే పెడతాను. మీరే కదా రోజుకో సావిట్లో విస్తరి వేస్తారు!"

చూశారా? ఆ కోటలో నాలుగు భోజనాల సావిళ్ళున్నాయి. ఏ రోజు ఏ సావిట్లో తినాలో సిద్ధాంతిగారు చెప్పేవాడు. ఒక సావిట్లో కూర్చుంటే సముద్రం కుడిచేతి వైపు, ఇంకో సావిట్లో ఎడమచేతి వైపు. అందరూ విస్తరి చూశారే కానీ సముద్రం ఎటుందో చూసినవాడు లేడు.

రత్నాంబగారికి రేవులో ఓడ గుర్తొచ్చింది. తెరచాప మీద చేప బొమ్మ ఓడెవరిదే అంది. అది మా తమ్ముడిదంటూ ఓడరాణి ఎంగిలి చేత్తోనే లేచి పరుగెత్తింది. ముందు కోడలు, వెనక అత్తగారు, ఆ వెనక వంటాయన, వడ్డించేవాడు, భటుడు, మంత్రి, అందరి వెనకా విషయమేవిటో తెలీని రాజు. ఒకటే పరుగు, ఒకటే అరుపు. మరి కాగడాల వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారే! ఓడ కాలిపోయిందా?

లేదర్రా, ఏడవకు భాస్కరా. రేవుకి పోయే దారికి అడ్డంగా ఏముంది? కాలవ! సగం తవ్వి, సగం పూడ్చి, వానకి నానిన బురద. భటులంతా మోకాలి లోతు దిగబడిపోయి, ఒక కాలు లాగితే ఇంకో కాలు దిగబడి, కాగడాలు బురదలో ఆరిపోయి, కుయ్యోమంటున్నారు. ఓడరాణి గట్టు మీద నిలబడి, తమ్ముణ్ణి వాళ్ళ భాషలో గొంతెత్తి పిలిచింది. అవతల ఓడ మీంచి అక్కా అని కేక వినిపించింది. అది ఏ భాషైతేనేం, అక్కా అన్నాడని అందరికీ తెలిసింది.

అక్కడే, ఆ బురదగట్టు మీదే, రాజుగారు సిగ్గుపడుతూ పెళ్ళాన్ని మొదటిసారి నోటితో అడిగాట్ట, ఈ కాలవ సంగతి ఏం చెయ్యమంటావని. ఇది కాలవా అందిట ఆవిడ. నేను వచ్చిన దగ్గర్నుంచీ తవ్వుతారు, పూడుస్తారు, ఇదేదో మీ ఊరి పండగేమో అనుకున్నానందిట! నరసన్న మంత్రి మొహం చూడాలి. మరి పాతరోజుల్లో పెద్దరాణిగారి పళ్ళెం అని నసిగాడు. రత్నాంబగారు గయ్యిమంది. నోరుముయ్యవయ్యా, నేను సగంసార్లు సున్నం అందక జరిపాను ఆ పళ్ళెం!

ఆ దెబ్బతో ఆచారం పోయింది. ఓడరాణికి సభలో పీట వేశారు. ఆవిడ రైతుల్ని పిలిచి, నీళ్ళెటు పారతాయో అడిగి, కాలవ ఒక్కసారే సరిగ్గా తవ్వించింది. తిట్టినవాళ్ళే ఆ నీళ్ళు తాగి చల్లగా ఉండమ్మా అన్నారు. తమ్ముడు నెల్లాళ్ళుండి వెళ్ళాడు. అందుకే చెప్తున్నా, ఇంటికొచ్చిన మనిషి మనసులో ఏముందో ఊహించుకుని చావకండి. దగ్గర కూర్చుని అడగండి.

అయిపోలేదు, ఉండండి. మర్నాడు రత్నాంబగారు విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద కలిపిందిట. చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడా ఎక్కణ్ణించో వచ్చిన పిల్లే కదా! చిన్నప్పుడెప్పుడో మేనాలో తెచ్చారు, మళ్ళీ వెళ్ళింది లేదు. పుట్టిల్లు ఎటుందో గుర్తు రావడం లేదు. కోడలు మెల్లిగా వచ్చి, మేనాలో వస్తుంటే పొద్దుటెండ ఏ చెంప మీద పడింది అత్తయ్యగారూ అని అడిగింది. ఆవిడ చెంప తడుముకుని చూపించింది. అప్పుడిద్దరూ కలిసి ఆ దిక్కు పోల్చుకుని అటు ముద్ద పెట్టారుట.

ఏవిటి నీలూ? మా పుట్టిల్లు ఎటా? అదేం ప్రశ్నే... ఇటు. కాదు కాదు, మొన్న మీ తాతయ్య మంచం తిప్పాడు కదా, అయితే అటు. ఉండు, అటు వంటిల్లు కదూ... తెల్లారనీ తల్లీ. పొద్దు పొడిచాక చూసి చెప్తా. నువ్వు గుర్తు చెయ్యి, ఏం?

కథేమో కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. కళ్ళు మూసుకోండి.