నవాబుగారి బెల్లం ముక్క

కొద్దిరోజులుగా దావూద్‌కి ముద్ద దిగడం లేదు. కారణం ఒక గుర్రం.

గుర్రమంటే నిజంగా గుర్రమా అది! మేకపోతు కంటే జానెడు ఎత్తు. పేరు మాత్రం నవాబు. సర్కస్‌లో చూపు పోయిన ఒక ముసలి బఫూన్‌ని అది చాలాకాలం నడిపించిందట. ఆయన పోయాక సర్కస్‌వాళ్ళు దాన్ని తెచ్చి, దర్గా పక్క గుడిసెలో ఉండే సులేమాన్ బాబాకి ఇచ్చిపోయారు. బాబాకీ చూపు లేదు.

అప్పటిదాకా బాబా చెయ్యి పట్టుకుని నడిపించింది శిష్యుడు దావూదే. ఇప్పుడు బాబా నవాబు మెడ పట్టెడ పట్టుకుని బజారుకి పోతుంటే, దావూద్ వెనకాల లద్దె ఎత్తే తట్ట మోస్తున్నాడు. వీధిలో పిల్లలు "నవాబుగారి నౌకరు" అని పేరు కూడా పెట్టేశారు. ఎవరికైనా కడుపు మండదా?

ఒకరోజు ఇక ఆపుకోలేక బాబా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"బాబా, నావల్ల ఏం తప్పు జరిగింది? మీ మాట ఎన్నడైనా జవదాటానా? పీనుగును కడిగేవాడి చేతిలో పీనుగు ఎట్లా ఉంటుందో, గురువు చేతిలో శిష్యుడు అట్లా ఉండాలన్నారు పెద్దలు. నేనట్లా లేనా?"

"ఉన్నావు బేటా. అచ్చం అట్లాగే ఉన్నావు," అన్నారు బాబా. దావూద్‌కది మెచ్చుకోలుగానే వినిపించింది. "సరే, ఇవాళ నవాబుకి సెలవు. నన్ను నువ్వే తీసుకుపో."

దావూద్ మొహం చేటంతయింది. బాబా చెయ్యి పట్టుకుని, కావాలనే గుర్రం ముందు నుంచి ఛాతీ విరుచుకుని నడిచాడు.

కొంచెం దూరంలో ఇటుకలు చేసేవాళ్ళ సందు.

"ఇక్కడినుంచి సరాసరి పద," అన్నారు బాబా.

దావూద్ చూశాడు. దారికి అడ్డంగా కొత్తగా తవ్విన గుంట. నిండా తొక్కిన బంకమట్టి.

"ఆగావేం? సరాసరి పదమన్నానా!"

ఇది పరీక్షే అనుకున్నాడు దావూద్. గురువు మాట నమ్మి నీళ్ళమీద నడిచినవాళ్ళున్నారు, బురద ఒక లెక్కా? "బిస్మిల్లా" అని అడుగేశాడు.

ఇద్దరూ నడుముదాకా దిగబడ్డారు.

ఇటుకల మల్లవ్వ పరిగెత్తుకొచ్చి బాబాని పైకి లాగింది. దావూద్‌కి మాత్రం తిట్లే అందించింది. "పెద్దాయన్ని తెచ్చి బురదలో దింపుతావా, నీ కడుపు కాల!"

బాబా గడ్డంలోకి చిందిన మట్టి పిండుకుంటూ, "పీనుగు నన్ను బాగానే నడిపించింది. పోయి నవాబును తీసుకురా," అన్నారు.

నవాబు వచ్చింది. బాబా దాని పట్టెడ పట్టుకుని, "సరాసరి పద," అన్నారు. గుర్రం గుంట అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. బాబా అదిలించారు. బతిమాలారు. "నా మాటే వినవా!" అని గద్దించారు. అది అడ్డంగా తిరిగి, ఆయన మోకాళ్ళకి పొట్ట ఆనించి, కదలకుండా నిలబడింది. పైగా మొహం మీదే సకిలించింది.

బాబా పకపకా నవ్వి, మల్లవ్వను అడిగి బెల్లం ముక్క తెప్పించి దాని నోట్లో పెట్టారు.

దావూద్‌కి ఏడుపొచ్చింది. "బాబా, అక్కడ గుంట ఉందని మీకు తెలియదా?"

"నాకెట్లా తెలుస్తుంది బేటా? నాకు కళ్ళు లేవు గదా."

మర్నాడు పొద్దున బాబా గుడిసె గడపలో నిలబడి చెయ్యి చాచారు. దావూద్ భయంభయంగా వచ్చి పట్టుకున్నాడు.

"ఏటి దారిన పద."

దావూద్ కదల్లేదు.

"పదమంటుంటే!"

"పోను బాబా." పుట్టి బుద్ధెరిగాక గురువుకి ఎదురుచెప్పడం అదే మొదలు. "ఆ దారిలో ఆబోతు తాడు తెంపుకుని తిరుగుతోంది. మీరు కొట్టినా సరే, పోను."

బాబా జేబులో చెయ్యిపెట్టి వెతికారు.

"నోరు తెరు," అన్నారు.